న్జాయ్ ఇంటిపేరు వెంట: డకార్ నుంచి జిగెన్‌షోర్ దాకా

పశ్చిమాఫ్రికాలోని సెనెగల్, గాంబియాల్లో ఒకే ఇంటిపేరు వొలోఫ్ ఇంట్లోనూ ఉంటుంది, పులార్ మాట్లాడే ఇంట్లోనూ ఉంటుంది, సెరేర్ ఊళ్ళోనూ ఉంటుంది. అందుకే "ఈ ఇంటిపేరు ఏ జాతివాళ్ళది?" అని అడిగితే పట్టిక చూసి చెప్పే జవాబు తరచు తప్పుతుంది. ఇంటిపేరు చెప్పేది తండ్రి వైపు ఒక్క గీత మాత్రమే. పూర్వీకుల ఊరు, తల్లి వంశం, వృత్తి వర్గం, వేళాకోళం ఆడదగ్గ ఇంటిపేరు, ఈ నాలుగూ తోడైతేనే జాతి మాట తేలుతుంది. అవి ఎక్కడెక్కడ దొరుకుతాయో ఆ వరసలోనే ఈ దారి వేశాం. న్జాయ్ అనే ఒక్క పేరు పట్టుకుని చివరిదాకా వెళ్తే మిగతా పేర్లకి ఏం చెయ్యాలో అదే తెలుస్తుంది. వానాకాలంలో మట్టిదార్లు తెగిపోతాయి, పైగా ఊళ్ళో పెద్దలు పొలాల్లో ఉంటారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం.

మొదటి రోజు: డకార్

విమానాశ్రయం డకార్‌లో లేదు. ఊరికి దాదాపు యాభై కిలోమీటర్ల దూరాన జాస్ దగ్గర ఉంది. 2017 డిసెంబరు నుంచి విమానాలు అక్కడే దిగుతున్నాయి. సాయంత్రం దిగితే ఆ రోజు పని పెట్టుకోవద్దు.

పని మొదలయ్యేది కాగితం మీద. ఒక్కో కుటుంబానికి ఒక్కో పెద్ద కాగితం తీసుకుని ఎనిమిది గళ్ళు గియ్యండి: నోటితో పలికే ఇంటిపేరు, కాగితాల్లో ఉన్న అక్షరాలు (ఎన్ని రకాలుగా ఉంటే అన్నీ), తాత పుట్టిన ఊరు, అంతకుముందు ఎక్కడినుంచి వచ్చారని చెప్పుకుంటారో ఆ ఊరు, తల్లి ఇంటిపేరు, తల్లి తల్లి ఇంటిపేరు, వంశవృత్తి, వేళాకోళపు ఇంటిపేరు. ఒక్కో తరం ఇంట్లో ఏ భాష మాట్లాడిందో అంచున రాసుకోండి. చాలామంది మొదటి రెండు గళ్ళు నింపి ఆగిపోతారు. జాతిని తేల్చేవి మిగతా ఆరు.

అక్షరాల సంగతి ముందే తేల్చుకోకపోతే తర్వాత అంతా తప్పుతుంది. 'జ' పలుకుబడిని ఫ్రెంచి గుమాస్తా 'డి-ఐ' అని రాశాడు, ఇంగ్లీషు గుమాస్తా 'జె' అన్నాడు, పోర్చుగీసు గుమాస్తా 'డి-జె' అన్నాడు. 'చ'ని ఫ్రెంచివాడు 'టి-హెచ్-ఐ' అని, ఇంగ్లీషువాడు 'సి-హెచ్' అని రాశారు. కాబట్టి సెనెగల్‌లో డి-ఐ-ఓ-పి, గాంబియాలో జె-ఓ-బి-ఇ, రెండూ జోప్ అనే ఒకే పేరు. డి-ఐ-ఓ-యు-ఎఫ్, జె-ఓ-ఓ-ఎఫ్ రెండూ జూఫ్. టి-హెచ్-ఐ-ఏ-ఎం, సి-హెచ్-ఏ-ఎం రెండూ చామ్. మన న్జాయ్ సెనెగల్‌లో ఎన్-డి-ఐ-ఏ-వై-ఇ, గాంబియాలో ఎన్-జె-ఐ-ఇ. అంతర్జాలంలో ఒక్క అక్షరక్రమంతో వెతికినవాళ్ళకి నది అవతలి బంధువులు ఎప్పటికీ దొరకరు. రెండో గడిలో సెనెగల్, గాంబియా, గినీ బిస్సావు మూడు దేశాల రాతలూ రాసిపెట్టుకుని, వెతికిన ప్రతిచోటా మూడింటితోనూ వెతకాలి.

రెండో చిక్కు ఒకే పేరున్న మనుషులు. మమదు న్జాయ్ అని వెతికితే వందలమంది వస్తారు. అందుకే ఇక్కడి కాగితాల్లో మనిషిని గుర్తించేది తండ్రి మొదటి పేరు, తల్లి పూర్తి పేరు. పెళ్ళైన స్త్రీ తన పుట్టింటి పేరుతోనే ఉండడం ఇక్కడ మామూలు. కాబట్టి తల్లి పేరున్న ప్రతి కాగితమూ మరో వంశానికి దారి చూపిస్తుంది. పెద్దవాళ్ళ పుట్టినతేదీ చోట 'ఫలానా సంవత్సరం ప్రాంతంలో' అని ఉంటే అది కోర్టు ద్వారా తర్వాత ఎప్పుడో తీసుకున్న ధ్రువపత్రమని అర్థం. ఆ సంవత్సరాన్ని అటూ ఇటూ ఐదేళ్ళ తేడాతో చదవాలి. పల్లెల్లో 1960కి ముందు పుట్టుకలు నమోదైనవి చాలా తక్కువ.

నేషనల్ ఆర్కైవ్స్‌కి ఉదయమే వెళ్ళాలి. 1913లో ఏర్పడిన ఈ భాండారంలో సెనెగల్ కాగితాలతోపాటు ఫ్రెంచి పశ్చిమాఫ్రికా మొత్తం పాలన కాగితాలూ ఉన్నాయి. పాస్‌పోర్టు, దాని నకలు, ఏం వెతుకుతున్నారో ఫ్రెంచిలో నాలుగు వాక్యాల ఉత్తరం, పెన్సిల్ పట్టుకెళ్ళండి. బానిసత్వానికి సంబంధించిన దస్త్రాలు 'కె' వరసలో ఉంటాయి. ఊరి పేరు తెలియకుండా ఇంటిపేరు ఒక్కటే పట్టుకుని వస్తే రోజంతా కూర్చున్నా ఏమీ దొరకదు, ఎందుకంటే కట్టలు ప్రాంతాల వారీగా, విషయాల వారీగా కట్టారు, మనుషుల వారీగా కాదు.

సాయంత్రం వీధిలో నేర్చుకోవలసింది పలకరింపు. "నాక న్గ సంత్?" అంటే మీ ఇంటిపేరేమిటని వొలోఫ్‌లో అడగడం. జవాబు రాగానే ఆ పేరునే రెండుమూడుసార్లు తిరిగి పలకడం మర్యాద: "న్జాయ్, న్జాయ్!" పక్కన జోప్ ఉన్నాడంటే వెంటనే తగులుకుంటాడు. న్జాయ్‌లు తిండిపోతులని అతనంటాడు, జోప్‌లే అన్నానికి పడి చస్తారని వీళ్ళంటారు. ఈ వేళాకోళపు చుట్టాన్ని వొలోఫ్‌లో 'కల్' అంటారు. మన ఇళ్ళల్లో బావామరదుల సరసంలాంటిదే. పులార్ మాట్లాడే ఫులా వాళ్ళయితే మేనత్త మేనమామ పిల్లల మధ్య ఉండే వరసనే ఇంటిపేర్ల మధ్యకీ చాపారు. ఎవరు ఎవరికి కల్ అన్నది తరాల తరబడి మారదు కాబట్టి, భాష మారిపోయిన కుటుంబంలో కూడా పాత జాడ అందులో మిగులుతుంది. సెరేర్‌లకి దక్షిణ సెనెగల్ (కజమాన్స్) జోలాలతోనూ, ఉత్తరాన సెనెగల్ నది ఒడ్డు ఫూతా పులార్‌లతోనూ ఇలాంటి వరసే మొత్తం జాతి స్థాయిలో ఉంది.

రెండో రోజు: గోరే

గోరే దీవికి డకార్ రేవు నుంచి పడవలో ఇరవై నిమిషాలు. గోరే, సెయింట్ లూయీ 1872లో, రూఫిస్క్ 1880లో, డకార్ 1887లో ఫ్రెంచి పురపాలికలయ్యాయి. ఈ నాలుగు ఊళ్ళవాళ్ళకి మిగతా దేశం కంటే ముందునుంచీ పుట్టుక, పెళ్ళి, చావు నమోదులున్నాయి. మీరు వెతికే కుటుంబం ఈ నాలుగింట్లో ఒకదానిదైతే పని సగం తేలికవుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఫ్రెంచి ఇంటిపేరు కనబడితే ఫ్రెంచి వంశమని రాసెయ్యకూడదు. వలాంతాఁ, దెవేస్, దెసెమే, క్రెస్పాఁ లాంటి పేర్లు ఐరోపా వర్తకులకీ ఇక్కడి సిన్యార్ స్త్రీలకీ (ఆ వర్తకులతో కాపురం చేసిన స్థానిక స్త్రీలు) పుట్టిన కుటుంబాలవి. తల్లుల వైపు వొలోఫ్, సెరేర్, ఫులా వంశాలుంటాయి. పెంపకంతో వచ్చిన పేర్లూ ఉన్నాయి. ఫ్రెంచి పార్లమెంటుకి 1914లో ఎన్నికైన బ్లేజ్ జాఞ్ గోరేలో 1872లో పుట్టినప్పుడు అతని పేరు గాలాయ్ ఎంబాయ్ జాఞ్. బ్లేజ్ అన్నది పెంచిన క్రెస్పాఁ ఇంటివాళ్ళు పెట్టినది. జాఞ్, ఎంబెంగ్, న్దోయ్, సాంబ్ డకార్ తీరపు లెబు జాలరుల్లో ఎక్కువగా వినిపించే పేర్లు.

మూడో రోజు: సెయింట్ లూయీ

డకార్ శివారులోని పెద్ద బండ్ల స్టాండు నుంచి ఏడు సీట్ల 'సెట్ ప్లాస్' కార్లు సీట్లు నిండగానే బయల్దేరతాయి. సామానుకి వేరే ఇవ్వాలి, అది ఎక్కకముందే బేరం చెయ్యాలి. దూరం దాదాపు 265 కిలోమీటర్లు. తెల్లవారుజామున స్టాండుకి చేరితే మధ్యాహ్నానికి ఫెదెర్బ్ వంతెన దాటతారు.

దారిలో కాజోర్ అనే పాత వొలోఫ్ రాజ్యపు నేల మీదుగా వెళ్తాం. ఆ రాజుల బిరుదు దామెల్, వాళ్ళ ఇంటిపేరు ఫాల్. 1886లో ఫ్రెంచివాళ్ళతో పోరులో మరణించిన దామెల్ లాత్ జోర్ ఇంటిపేరు మాత్రం జోప్. అతని పూర్తి పేరు లాత్ జోర్ న్గోనే లాతిర్ జోప్. నడుమనున్న న్గోనే లాతిర్ తల్లి పేరు. అతనికి హక్కు వచ్చింది తల్లి వైపు గేజ్ వంశం నుంచి. వొలోఫ్ వాళ్ళు తల్లి వరసని 'మేన్' అని, తండ్రి వరసని 'గేఞో' అని విడదీసి చెబుతారు. ఇంటిపేరు గేఞోని మాత్రమే మోస్తుంది. తల్లి గడులు ఖాళీగా ఉన్న కాగితంతో లాత్ జోర్ లాంటి మనిషి ఎవరో అర్థం కాదు.

సెయింట్ లూయీ దీవి దక్షిణ కొసన పరిశోధన, పత్రాల కేంద్రం ఉంది, చిన్న మ్యూజియంతో సహా. బానిసత్వం రద్దు ఆజ్ఞ 1848 ఏప్రిల్ 27న పారిస్‌లో వెలువడింది, ఇక్కడ ఆగస్టులో అమలైంది. ఆ కాలపు కాగితాల్లో విడుదలైనవాళ్ళ పేర్లు చదివేటప్పుడు గుర్తుంచుకోవలసింది: బానిసగా వచ్చిన మనిషికి యజమాని ఇంటిపేరు అంటుకోవడం ఈ ప్రాంతమంతటా జరిగింది. మాలీ వైపు బంబారా నేల నుంచి వచ్చిన మనిషి మనవలు ఈనాడు వొలోఫ్ రాజుల ఇంటిపేరుతో ఉండవచ్చు. ఈ సంగతి ఎవరినీ నలుగురిలో అడగకూడదు. వృత్తి వర్గాల విషయమూ అంతే. కంసాలులు, తోలు పనివాళ్ళు, వంశగాయకులు 'ఞేఞో' అనీ, మిగతావాళ్ళు 'గేర్' అనీ విభజన ఉంది, పెళ్ళిళ్ళ దగ్గర అది ఇప్పటికీ గట్టిగానే పనిచేస్తుంది. ఇంటిపేరు వినగానే అవతలివాళ్ళు లోపల లెక్కలు వేసుకోవడం తెలుగువాళ్ళకి కొత్త కాదు కాబట్టి, ఎక్కడ ఆగాలో మనకి తెలిసే ఉండాలి.

నాలుగో రోజు: వాలో, దగానా

సెనెగల్ నది వెంబడి తూర్పుకి. రిషార్ తోల్ చెరకు తోటలు దాటాక దగానా వస్తుంది. ఈ వాలో రాజ్యంలో రాజు బిరుదు బ్రాక్, ఇంటిపేరు ఎంబోజ్. 1855లో ఫ్రెంచివాళ్ళు గెలిచేనాటికి ఏలుతున్నది రాణి న్దాతే యాల్లా ఎంబోజ్. ఆమె కొడుకు సిద్యా ఇంటిపేరు జోప్, తండ్రి కాజోర్ వాడు కాబట్టి. ఇంటిపేరు చూసి అతన్ని కాజోర్‌కి పంపేస్తే వాలో చరిత్రే పోతుంది.

న్జాయ్ పేరు మొదలయ్యే కథ కూడా ఈ నదిదే. పిల్లలు పట్టిన చేపల పంపకం దగ్గర తగువు పడుతుంటే నీళ్ళలోంచి ఒక మనిషి వచ్చి, న్యాయంగా పంచి, మాట్లాడకుండా నీళ్ళలోకి వెళ్ళిపోయేవాడు. ఊరివాళ్ళు అతన్ని పట్టుకుని రాజుని చేసుకున్నారు. అతనే న్జాజాన్ న్జాయ్, జోలోఫ్ రాజ్యపు తొలి బుర్బా, అంటే రాజు. కథలో తండ్రి అరబ్బు, తల్లి ఫూతాకి చెందిన ఫాతుమాతా సల్, న్జాజాన్ న్జాయ్ అన్న పేరు మొదట పలికినది సెరేర్ రాజు. వొలోఫ్‌ల ఆదిరాజు కథలోనే అరబ్బు, పులార్, సెరేర్ ముగ్గురూ ఉన్నారు. దీన్ని జరిగిన సంగతిగా మీ కాగితంలో రాయకండి, నాలుగో గడి పక్కన "కుటుంబం చెప్పుకునే మూలం" అని రాయండి. కథ ఏ ఊళ్ళో ఎలా మారుతుందో పోల్చి చూడడానికి అక్కడ పనికొస్తుంది.

న్జాయ్‌ల గుర్తు సింహం. మాలీ వైపు బంబారా వాళ్ళలో జారా అనే ఇంటిపేరుకీ అదే గుర్తు. సెగూని పద్దెనిమిదో శతాబ్దంలో ఏలిన న్గోలో జారా వంశం అదే. సెనెగల్‌లో స్థిరపడిన జారా తనని న్జాయ్ అని చెప్పుకుంటాడు, ట్రావొరే అయితే జోప్ అంటాడు. ఈ సమీకరణాలు అందరికీ తెలిసినవే, అబద్ధం ఆడుతున్నట్టు ఎవరూ అనుకోరు. పరిశోధకులకి చిక్కు ఇక్కడే వస్తుంది. డకార్‌లో న్జాయ్ అంటున్న మనిషి తాత మాలీలోని కాయ్ దగ్గర జారా అయి ఉండవచ్చు. "మీ తాత ఊళ్ళో మిమ్మల్ని ఏమని పిలిచేవారు?" అన్న ప్రశ్న తప్పకుండా అడగాలి.

ఐదో రోజు: పోడోర్

ప్రధాన రోడ్డు మీద తారెజీ కూడలిలో దిగి ఉత్తరానికి మళ్ళితే పోడోర్, నది ఒడ్డున ఫ్రెంచి కోట. ఇది ఫూతా తోరో, పులార్ నేల. ఈ రోజుకి తొందర పనికిరాదు.

ఫులా వాళ్ళకి నాలుగు మూల ఇంటిపేర్లని అందరూ చెబుతారు: బా, సో, జాల్లో, బారీ. అవి కనిపించినచోట ఫులా అని రాయడం చాలావరకు సరిపోతుంది కానీ, మాలీ, గినీ సరిహద్దులోని వాసులూలో మాండింగ్ భాష మాట్లాడే ఫులా వంశాలవాళ్ళు జాల్లో, జాకితే, సిదిబే, సంగరే అంటారు. సంగరే అంటే బారీకి అక్కడి రూపం. దక్షిణాన కోల్దా వైపు బల్దే, కాందే, ఎంబాలో ఎక్కువ. గినీ బిస్సావులో జాల్లోని డి-జె-ఏ-ఎల్-ఓ అని రాస్తారు.

ఫూతాలో మాత్రం కాన్, లీ, వాన్, తాల్, సీ, ఆన్ అనే పేర్లు వేరే తరగతివి. 1776 ప్రాంతంలో చెర్నో సులేమాన్ బాల్ నడిపిన మత విప్లవంతో 'తోరోద్బే' అనే పండితవర్గం అధికారంలోకి వచ్చింది, అబ్దుల్ కాదిర్ కాన్ తొలి అల్మామీ, అంటే మతపాలకుడు, అయ్యాడు. చదువుతో, భక్తితో ఆ వర్గంలో చేరినవాళ్ళు రకరకాల వంశాలవాళ్ళు. కాబట్టి ఇక్కడ ఇంటిపేరు కంటే ముందు వర్గం అడగాలి: పండితులైన తోరోద్బే, యోధులైన సెబ్బే, జాలరులైన సుబల్బే, కంసాలులైన వైలుబే, నేతగాళ్ళైన మాబుబే, గాయకులైన అవ్లుబే. పులార్ తప్ప మరో మాట రాని న్జాయ్, జోప్ కుటుంబాలు ఈ యోధుల్లో, జాలరుల్లో ఉన్నాయి. పట్టిక వాళ్ళని వొలోఫ్ అంటుంది, వాళ్ళు ఒప్పుకోరు. వాళ్ళ మాటే రాయాలి.

పోడోర్ దగ్గరి హల్వార్‌లో పుట్టిన ఉమర్ తాల్ 1850లలో తూర్పుకి దండెత్తి వెళ్ళాడు, 1864లో బందియాగరా కొండల్లో చనిపోయాడు. వెంట వెళ్ళిన ఫూతా కుటుంబాలు న్యోరో, సెగూ, బందియాగరాల్లో ఉండిపోయాయి. మాలీలో తాల్, లీ, చామ్ కనబడితే ఆ దండయాత్రకి ముందా వెనకా అన్నది మొదటి ప్రశ్న.

మాట తీసుకునే పద్ధతి ఇది. ముందు ఊరిపెద్ద దగ్గరికి వెళ్ళాలి. రికార్డర్ నొక్కగానే తేదీ, ఊరు, చెప్పేవారి పేరు, భాష మీరే పలకాలి, లేకపోతే నెల తిరిగాక ఏ శబ్దం ఎవరిదో తేలదు. "మీరు ఫలానా చోటినుంచి వచ్చారట కదా" అని అడగకూడదు. అతిథి కోరినదే మర్యాదకొద్దీ అవునంటారు. "అంతకుముందు ఎక్కడ?" అని మాత్రమే అడిగి, జవాబు ఆగేదాకా అదే ప్రశ్న వేస్తూ పోవాలి. మక్కా, యెమెన్, ఈజిప్టు దాకా వెళ్ళే జవాబులు చాలా వస్తాయి. వాటికి ముందు చెప్పిన ఊళ్ళ పేర్లే మీకు పనికొచ్చేవి. తరాలు లెక్కపెట్టి ఒక్కో తరానికి ముప్ఫై ఏళ్ళు వేసుకుంటే, ఏ ఊళ్ళో ఎప్పుడున్నారో ఉజ్జాయింపు వస్తుంది.

ఆరో రోజు

లూగా, తూబా మీదుగా కావొలాక్‌కి ప్రయాణం. రోజంతా బండిలోనే.

ఏడో రోజు: సీన్, జాఖావ్

ఫాతిక్ దగ్గరి జాఖావ్ సీన్ రాజ్యానికి రాజధాని. సెరేర్ ఇంటిపేర్లు మిగతావాటికంటే స్పష్టంగా పలుకుతాయి: ఫాయ్, జూఫ్, సేన్, న్గోమ్, సార్, న్దూర్, సంఘోర్. అయినా సెరేర్‌లలో ఆస్తి, హోదా చాలావరకు మేనమామ నుంచి వచ్చేవి, ఇంటిపేరు తండ్రి నుంచి. సీన్‌ని ఏలిన జూఫ్ రాజులకి సింహాసనం మీద హక్కు తల్లుల వైపు గెల్వార్ వంశం వల్ల వచ్చింది, ఆ వంశం దక్షిణాన కాబు అనే మాండింకా రాజ్యం నుంచి వచ్చినదని వాళ్ళే చెబుతారు. సెరేర్ ఇంటిపేరున్న రాజుకి మాండింకా తల్లి వంశమన్నమాట.

పేరు, ఊరు, భాష విడిపోయిన మనుషులు సెనెగల్ మాజీ అధ్యక్షుల్లోనే ఉన్నారు. అబ్దూ జూఫ్ ది సెరేర్ ఇంటిపేరు, పుట్టింది వొలోఫ్ ప్రాంతమైన లూగాలో. మాకీ సల్ పులార్ కుటుంబీకుడు, పుట్టింది సెరేర్ ఊరైన ఫాతిక్‌లో.

ఎనిమిదో రోజు: బర్రా, బంజుల్

కరాంగ్ దగ్గర గాంబియా సరిహద్దు. సెనెగల్ సెఫా ఫ్రాంకులు ఇక్కడే గాంబియా దలాసీలుగా మార్చుకోవాలి. బర్రా నుంచి ఫెర్రీకి కాచుకోవలసిన సమయాన్ని ముందుగా ఎవరూ చెప్పలేరు, ఆ రోజు వేరే పని పెట్టుకోకూడదు. నేరుగా కజమాన్స్ వెళ్ళేవాళ్ళకి ఫరఫెన్ని దగ్గర 2019లో తెరిచిన వంతెన ఉంది.

సరిహద్దు దాటగానే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. సీసే ఇక్కడ సి-ఇ-ఇ-ఎస్-ఏ-వై, జాల్లో చివర డబ్ల్యూ చేరుతుంది, సానే, మానే చివర హెచ్ చేరుతుంది. మొదటిరోజు రాసుకున్న రెండో గడి ఇప్పుడు తియ్యండి. బంజుల్‌లో జాన్సన్, కోల్, డేవిస్ లాంటి ఇంగ్లీషు పేర్లున్న అకు కుటుంబాలున్నాయి. బ్రిటిషు నౌకాదళం బానిస ఓడలనుంచి విడిపించి ఫ్రీటౌన్‌లో దింపినవాళ్ళలో కొందరిని 1830లలో ఇక్కడికి పంపారు, వాళ్ళ వారసులు. ఎక్కువమంది మూలాలు నైజీరియా వైపు, యొరుబా, ఇగ్బో. వీళ్ళ ఇంటిపేరుతో జాతి వెతకడం వృథా. సియెరా లియోన్ ప్రభుత్వ భాండారంలో, ఫూరా బే కాలేజీలో ఉన్న విముక్తుల రిజిస్టర్లలో అసలు పేరు, వయసు, ఎత్తు, ఒంటిమీది గుర్తులు రాసి ఉన్నాయి. దారి అటువైపు.

తొమ్మిదో రోజు: ఫజారా, జుఫురే

ఉదయం ఫజారాలో జాతీయ కళా సాంస్కృతిక కేంద్రం వారి పరిశోధన విభాగం. గాంబియా అంతటా పెద్దల నోట, గాయకుల నోట రికార్డు చేసిన వేల టేపులు అక్కడున్నాయి. ఊరి పేరుతో, గాయకుడి పేరుతో అడగాలి. మాండింకాలో ఇంటిపేరు 'కొంతొంగ్'. కుయాతే, జబర్తే, సుసో వంశగాయకుల ఇంటిపేర్లు. సెనెగల్‌లో జబాతే అని వినిపించేదే ఇక్కడ జబర్తే. సీల్లా, సీసే, ద్రామే, జావరా, గసామా సొనింకే నేలనుంచి వచ్చినవి. వాళ్ళు వర్తకం, మత బోధన పనుల మీద ఎక్కడికెళ్ళినా అక్కడి భాష పట్టుకున్నారు కనుక ఇప్పుడు మాండింకా, వొలోఫ్, జోలా ఇళ్ళన్నింట్లోనూ ఉన్నాయి.

మధ్యాహ్నం జుఫురే, అలెక్స్ హేలీ 'రూట్స్' పుస్తకంతో పేరొచ్చిన ఊరు. పల్లెకి వెళ్ళేముందు బజారులో అరకిలో కోలా గింజలు కొనాలి, తడిగుడ్డలో చుట్టాలి, ఎండితే ఇవ్వడం అమర్యాద. అల్కాలో, అంటే ఊరిపెద్ద, చేతికిచ్చి వచ్చిన పని చెప్పాలి. యాత్రికులు తెగ వచ్చే ఊళ్ళల్లో కథ ఒకే పోతలో గట్టిపడి ఉంటుంది. అమెరికా నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పాలి: సముద్రం దాటించిన మనుషుల ఇంటిపేర్లు అక్కడి కాగితాల్లోకి ఎక్కడం బహు అరుదు. ఒక్క గాయకుడి ఒక్క పాటని ఆధారం చేసుకోకండి. పక్క ఊళ్ళో, వేరే వంశంవాడి నోట, మీ పేరు చెప్పకుండా మళ్ళీ వినండి.

పదో రోజు: జిగెన్‌షోర్

బ్రికామా, సెలేతి, బిన్యోనా మీదుగా. జాత్తా, బాజి, సాన్యా, కోలి, మంగా, జెజూ, బాసేన్ జోలా ఇంటిపేర్లు. సానే, మానే మాత్రం కాబు రాజవంశాలవి, అయినా జోలా ఊళ్ళల్లో సానేలు నిండుగా ఉన్నారు. కొందరు వలస వచ్చారు, కొందరు ఇస్లాంతోపాటు మాండింకా పేరు తీసుకున్నారు. రెంటినీ విడదీసేది తాత పేరు, ఆ తాత వరి పొలం ఎవరినుంచి వచ్చిందన్న ప్రశ్న. నేల వరస జోలా పెద్దలు నోటితో అప్పజెబుతారు.

జిగెన్‌షోర్ 1886 దాకా పోర్చుగీసువాళ్ళది. గోమిస్, మెందీ, ప్రేరా, కర్వాల్యో అనే పోర్చుగీసు పేర్లు ఇక్కడ ఎక్కువగా మంజాక్, మంకాఞ్ కుటుంబాలవి. అసలు వంశనామం ఇంట్లో వేరే ఉంటుంది, అది అడిగి మొదటి గడి పక్కన రాయాలి. వాళ్ళ ఊళ్ళు సరిహద్దు అవతల గినీ బిస్సావులో కంచుంగో, కాషేవ్ చుట్టూ. వీసా జిగెన్‌షోర్‌లోని ఆ దేశపు కాన్సులేట్‌లో తీసుకుని సావొ దొమింగుష్ మీదుగా వెళ్ళవచ్చు. వెళ్ళేముందు కాగితంలో పోర్చుగీసు అక్షరాల వరస నింపుకోండి.